మాంట్రియాల్‌లో ఇంగ్లీషు మాట్లాడేవారికి ఉద్యోగాలు: ఉపాధి భాగస్వామ్యాలు ఎలా పనిచేస్తాయి, మనకు ఎంతవరకు పనికొస్తాయి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు, మీ శ్రీమతి రెండేళ్ల క్రితం హైదరాబాదు నుంచి మాంట్రియాల్ వచ్చారు. మీకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉంది. ఎం.కాం. చదివి ఎనిమిదేళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసిన మీ శ్రీమతికి మాత్రం ఫ్రెంచి అంతంత మాత్రమే కావడంతో ఇంటర్వ్యూ పిలుపులు కూడా రావడం లేదు. ఫ్రెంచి ప్రధాన భాషగా గల మన క్యూబెక్ రాష్ట్రంలో, ఇంగ్లీషు మాట్లాడే మైనారిటీ సమాజం కోసం ఉపాధి భాగస్వామ్యాలు, అంటే ప్రభుత్వాలు, విద్యాసంస్థలు, సంఘాలు, యజమానులు కలిసి నడిపే ఏర్పాట్లు, ఉన్నాయని విన్నారు. అవి మనలాంటి వారికి వర్తిస్తాయా, ఉద్యోగం దాకా తీసుకువెళతాయా లేక సమావేశాలతో సరిపెడతాయా, మన తెలుగు సంఘం వాటితో కలిసి ఏమైనా చేయగలదా అని అడిగారు. నేను ఈ నగరంలో పదహారేళ్లుగా ఉపాధి సలహాదారుగా పనిచేస్తున్నాను. అందులో సగం కాలం ఇటువంటి భాగస్వామ్య కమిటీలలో కూర్చున్నాను. వాటిపై నాకు గౌరవం ఉంది, కొన్ని విషయాలలో తీవ్రమైన అసంతృప్తి కూడా ఉంది. రెండూ చెబితేనే మీకు ఉపయోగం కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి సందేహానికి సమాధానం తేలిక. అవి మీకు వర్తిస్తాయి. ఇంగ్లీషు మాట్లాడే సమాజం అనగానే మనవాళ్లకు తాత ముత్తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న స్కాట్లాండు, ఐర్లాండు సంతతి వారు గుర్తుకొస్తారు. కెనడా జనాభా లెక్కలలో మాత్రం మాతృభాషతో పాటు ‘తొలి అధికార భాష’ అనే మరొక కొలమానం ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, దేశపు రెండు అధికార భాషలలో ఇంగ్లీషు మాత్రమే వచ్చిన మనిషిని ఆ కొలమానం ఇంగ్లీషు సమాజంలోనే లెక్కిస్తుంది. గుంటూరులో పుట్టిన మీ శ్రీమతి, రాష్ట్రపు తూర్పు కొసన ఉన్న గాస్పే తీరంలో అయిదు తరాలుగా చేపలు పడుతున్న కుటుంబంలోని యువతి ఈ లెక్కలో ఒకే సమాజానికి చెందినవారు. ఆ లెక్క ప్రకారం 2021 నాటికి క్యూబెక్‌లో ఈ సమాజం సుమారు 12.5 లక్షల మంది, అంటే రాష్ట్ర జనాభాలో దాదాపు 15 శాతం. వీరిలో అత్యధికులు మాంట్రియాల్, దాని చుట్టుపక్కలే ఉంటారు. సంఘాల తలుపు తట్టేటప్పుడు ‘మేము బయటివాళ్లం, మాకు సాయం చేస్తారా’ అన్న బెరుకు మనవాళ్లలో చాలా చూశాను. ఆ బెరుకు అక్కర్లేదు. ఆ సంఘాలకు వచ్చే నిధులు మీలాంటి వారిని కూడా లెక్కించిన తర్వాత వచ్చినవే.

రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే, ఈ సమాజానికి ఉపాధిలో సాయం ఎందుకు అవసరమైందో ముందు చూడాలి. ఒకప్పుడు మాంట్రియాల్ బ్యాంకులు, రైల్వే సంస్థలు, బీమా కంపెనీలు ఇంగ్లీషువారి చేతుల్లో ఉండేవి. ఫ్రెంచి కార్మికుడు తన సొంత ఊళ్లోనే పై అధికారితో ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చేది. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే 1977లో 101వ చట్టంగా పేరుపడిన ఫ్రెంచి భాషా చట్టం వచ్చింది. ఆ మార్పు న్యాయమైనదని నేను నమ్ముతాను. మాతృభాషలో పాలన కోసం, చదువు కోసం తపించిన మన ప్రాంతం నుంచి వచ్చినవాడికి ఆ ఆవేదన అర్థం కాకుండా ఉండదు. అయితే ఆ మార్పుల కాలంలో పెద్ద కంపెనీలు కొన్ని తమ ప్రధాన కార్యాలయాలను టొరంటోకు తరలించాయి. సన్ లైఫ్ బీమా సంస్థ 1978లో చేసిన ప్రకటన అందులో బాగా ప్రసిద్ధం. 1976 తర్వాతి అయిదేళ్లలో లక్షకు పైగా ఇంగ్లీషు మాతృభాషీయులు రాష్ట్రం విడిచి వెళ్లారు. చదువు, డబ్బు, పరిచయాలు ఉన్నవారు ముందుగా వెళ్లారు. మిగిలినవారు, ఆ తర్వాత వలస వచ్చి చేరినవారు కలిసి నేటి సమాజమైంది. బయటివారి మనసులో మాత్రం పాత సంపన్న చిత్రమే ఇంకా నిలిచి ఉంది.

2016 జనాభా లెక్కలలో ఇంగ్లీషు మాట్లాడేవారి నిరుద్యోగ రేటు 8.9 శాతం, ఫ్రెంచి మాట్లాడేవారిది 6.9 శాతం. 2021 నాటికి ఫ్రెంచివారి రేటు 6.9 దగ్గరే ఉండగా ఇంగ్లీషువారిది 10.9కి పెరిగింది. కోవిడ్ కాలపు లెక్కలు కనుక హోటళ్లు, దుకాణాలు వంటి రంగాల దెబ్బ ఇందులో కొంత కనిపిస్తుంది. అయినా అంతరం రెండు నుంచి నాలుగు శాతానికి పెరగడాన్ని కోవిడ్ మీదకు మాత్రమే నెట్టలేము. ఇక్కడ ఇంకొక విషయం గమనించండి. ఇంగ్లీషు మాతృభాషగా గల క్యూబెక్‌వాసుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఫ్రెంచిలో సంభాషించగలరు. ఫ్రెంచి వచ్చినా ఉద్యోగాలలో వెనుకబాటు తొలగలేదంటే, అడ్డంకి ఒక్క భాషలోనే లేదన్నమాట. ఫలానా కార్ఖానాలో ఖాళీ ఉందన్న కబురు ఎవరి ద్వారా చేరుతుంది, ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో ఏ పథకం ఎవరికి వర్తిస్తుందో ఎవరు చెబుతారు, చదువుకునేటప్పుడే శిక్షణార్థిగా ఎవరు తీసుకుంటారు అన్నవి కూడా అడ్డంకులే. సంభాషణ స్థాయి ఫ్రెంచికి, ఆఫీసులో నివేదిక రాయగల ఫ్రెంచికి ఉన్న దూరం మరొకటి. భాగస్వామ్యాలు ఈ తెగిన దారాలను ముడివేయడానికి పుట్టాయి. ముడి ఎక్కడ వేయాలో తెలిసినవి ఫలించాయి, తెలియనివి సమావేశాల దగ్గరే ఆగిపోయాయి.

ఒకే సంస్థ ఈ పనంతా ఎందుకు చేయలేదని మీకు అనిపించవచ్చు. దానికి కారణం కెనడా పాలనా వ్యవస్థలో ఉంది. దేశవ్యాప్తంగా అధికార భాషల చట్టం 1969 నుంచి ఉంది. క్యూబెక్‌లో ఇంగ్లీషువారు, మిగతా రాష్ట్రాల్లో ఫ్రెంచివారు మైనారిటీలు కనుక ఆ సమాజాల ఎదుగుదలకు తోడ్పడడం కేంద్ర ప్రభుత్వ బాధ్యత అని ఆ చట్టంలోని ఏడవ భాగం చెబుతుంది. 2023లో చేసిన సవరణలు ఆ బాధ్యతను ఇంకా గట్టిపరిచాయి. కానీ ఉద్యోగ శిక్షణ, ఉపాధి సేవల నిర్వహణను 1997 నాటి ఒప్పందం ద్వారా కేంద్రం క్యూబెక్‌కు అప్పగించింది. ఆ విధంగా ఉపాధి బీమా నిధి డబ్బు కేంద్రం నుంచి వస్తుంది, దానిని ఖర్చు చేసే యంత్రాంగం రాష్ట్రానిది, సాయం అందవలసిన సమాజం పట్ల చట్టబద్ధమైన బాధ్యత కేంద్రానిది. దీనికి తోడు, తమ నిధుల్లో సగానికి మించి రాష్ట్రం నుంచి పొందే సంస్థలు కేంద్రంతో ఒప్పందం చేసుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని క్యూబెక్ చట్టం ఒకటి ఉంది. చిన్న సంఘం ఒకటి కేంద్ర నిధులతో ఒక కార్యక్రమం మొదలుపెట్టాలనుకుంటే ఆ అనుమతి కోసమే నెలలు గడిచిపోవచ్చు. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది, అనుమతి జనవరిలో చేతికొస్తే పది వారాల్లో ఏడాది పని చూపించాలి. ఈ బాధ నేను స్వయంగా అనుభవించాను. అందువల్ల ఎవరికి వారు విడిగా ఉంటే ఇక్కడ పని జరగదు. కేంద్రం, రాష్ట్రం, విద్యాసంస్థ, సమాజ సంఘం, యజమాని ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం తప్పనిసరి అవసరం.

ఆ బల్ల చుట్టూ ఎవరెవరు ఉంటారో క్లుప్తంగా చెబుతాను. వ్యక్తిగత సలహా, రెజ్యూమే తయారీ, ఇంటర్వ్యూ సాధన వంటి సేవలను ఇంగ్లీషులో ఇచ్చే సంఘాల్లో 1995లో యూత్ ఎంప్లాయ్‌మెంట్ సర్వీసెస్ పేరుతో మొదలైన ‘యెస్’ ముఖ్యమైనది. పేరులో యువత ఉన్నా ఇప్పుడు అన్ని వయసుల వారికీ సేవలందిస్తుంది. ‘సెడెక్’ అనే సంస్థ వ్యక్తులకన్నా ప్రాంతాల ఆర్థికాభివృద్ధి మీద, యజమానులను, స్థానిక ప్రభుత్వాలను కలపడం మీద దృష్టి పెడుతుంది. 2020లో ఏర్పడిన ‘పెర్ట్’ అనే ఉపాధి వేదిక పరిశోధన చేసి, గణాంకాలను విడమరచి, ప్రభుత్వాల ముందు పెడుతుంది. నేను పైన చెప్పిన అంతరం గురించి ఈ రోజు మంత్రులు కూడా మాట్లాడుతున్నారంటే ఆ వేదిక కృషి అందులో చాలా ఉంది. రాష్ట్ర ప్రభుత్వంలో ఇంగ్లీషు మాట్లాడే క్యూబెక్‌వాసులతో సంబంధాల కోసం 2017లో ఒక ప్రత్యేక సచివాలయం ఏర్పడింది. ఇవి కాక తూర్పు టౌన్‌షిప్పుల్లో, గాస్పేలో, క్యూబెక్ నగరంలో దశాబ్దాల చరిత్ర గల ప్రాంతీయ సంఘాలున్నాయి. మాంట్రియాల్‌లో ఉన్న మీకు మొదటి సంస్థతోనే ఎక్కువ పని.

ఇక ఉద్యోగం దాకా తీసుకువెళ్లిన భాగస్వామ్యాలు ఎలా ఉంటాయో చూద్దాం. నేను ఎప్పుడూ ఆరోగ్య రంగాన్ని ఉదాహరణగా చెబుతాను. ఇంగ్లీషు మాట్లాడే వృద్ధులకు మారుమూల ప్రాంతాల ఆసుపత్రులలో తమ భాషలో మాట్లాడే నర్సు దొరకకపోవడం ఒక సమస్య. అదే సమాజపు యువతకు సొంత ప్రాంతంలో ఉద్యోగం దొరకకపోవడం మరొక సమస్య. ఆరోగ్య, సామాజిక సేవల సంఘాల సమాఖ్య ఒకటి 2000లో ఏర్పడి స్థానిక సంఘాలను ఆరోగ్య శాఖతో కలిపింది. మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కేంద్ర ఆరోగ్య శాఖ నిధులతో నడిపే ‘డైలాగ్ మెక్‌గిల్’ కార్యక్రమం రెండు పనులు చేపట్టింది. ఒకటి, ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న ఫ్రెంచి సిబ్బందికి రోగితో మాట్లాడడానికి అవసరమైన ఇంగ్లీషు నేర్పడం. రెండు, ఆరోగ్య కోర్సులు చదువుతున్న విద్యార్థులకు, చదువు ముగిశాక తిరిగి ఆ ప్రాంతంలో పనిచేస్తామన్న ఒప్పందం మీద ఉపకార వేతనం ఇవ్వడం. ఇక్కడ ఉద్యోగం చివర్లో తటస్థపడే అదృష్టం కాదు. చదువు మొదలయ్యేనాటికే ఫలానా సంస్థకు ఫలానా పనికి మనుషులు కావాలన్న సంగతి బల్ల మీద ఉంది. యజమాని అవసరం, విద్యార్థి భవిష్యత్తు, రోగి హక్కు ఒకే దారంతో కట్టబడ్డాయి. నేను చూసిన మంచి భాగస్వామ్యాలన్నింటిలో యజమాని మొదటి సమావేశం నుంచే ఉన్నాడు.

దీనికి విరుద్ధమైనది కూడా చెప్పాలి. పదేళ్ల క్రితం మేము ఒక శిక్షణ కార్యక్రమంలో పాలుపంచుకున్నాం. ఇరవై మందికి ఆఫీసు పరిపాలన నేర్పాము, కంప్యూటర్ నేర్పాము, వారానికి ఆరు గంటలు ఫ్రెంచి నేర్పాము. భాగస్వాముల పట్టికలో తొమ్మిది సంస్థల పేర్లున్నాయి. అందులో ఒక్కటి కూడా ఉద్యోగం ఇచ్చే సంస్థ కాదు. శిక్షణ అయిపోయాక యజమానుల వేట మొదలుపెట్టాం. వాళ్లు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మేము నేర్పినది కాదు, వాళ్లకు కావలసిన ఫ్రెంచి ఫోనులో కస్టమరుతో మాట్లాడే ఫ్రెంచి, మేము నేర్పినది వ్యాకరణం. ఆరు నెలల తర్వాత ఇరవై మందిలో అయిదుగురికే ఆ రంగంలో పని దొరికింది. ఆ పదిహేను మందిలో కొందరి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. వారు తమ జీవితంలో ఏడు నెలలు మా చేతుల్లో పెట్టారు.

మరుసటి ఏడాది అదే నిధులతో వేరే పద్ధతిలో వెళ్లాం. నగర పడమటి భాగంలోని ఒక మధ్యస్థాయి తయారీ కంపెనీ దగ్గరకు ముందే వెళ్లి, మీకు మనుషులు ఎక్కడ దొరకడం లేదని అడిగాం. స్టాకు లెక్కలు చూసే విభాగంలో అని చెప్పారు. ఆ విభాగపు సూపర్‌వైజరును కూర్చోబెట్టుకుని, అక్కడ రోజూ వాడే నాలుగు వందల ఫ్రెంచి మాటలు రాయించుకున్నాం. ఎనిమిది మందిని తీసుకున్నారు. జీతంలో కొంత భాగం ప్రభుత్వ వేతన సబ్సిడీ భరించింది. ఫ్రెంచి తరగతి పని వేళల్లోనే, రోజుకు గంట చొప్పున, కంపెనీ క్యాంటీనులో జరిగింది. మొదట్లో తరగతిని సాయంత్రం ఆరింటికి పెట్టాలని యజమాని పట్టుబట్టాడు. పిల్లలను డే కేర్ నుంచి ఆరులోపు తెచ్చుకోవాలి కనుక తల్లులెవరూ రాలేరని మేము నచ్చజెప్పవలసి వచ్చింది. చూడడానికి చిన్న విషయం, కానీ కార్యక్రమం నిలబడేదీ కూలేదీ అక్కడే. ఎనిమిది మందిలో ఏడుగురు ఏడాది తర్వాత కూడా అక్కడే ఉన్నారు.

నగరం బయట పరిస్థితి ఇంకా కఠినం. గాస్పే ద్వీపకల్పంలో చేపలు, అడవి, పర్యాటకం మీద ఆధారపడిన పనులు ఏడాదిలో కొన్ని నెలలే ఉంటాయి. సెయింట్ లారెన్స్ సింధుశాఖ ఒడ్డున ఉన్న దిగువ ఉత్తర తీరంలోని అనేక పల్లెలకు ఇప్పటికీ బయటి ప్రపంచంతో రోడ్డు లేదు. వేసవిలో ఓడ, మిగతా కాలంలో విమానం, చలికాలంలో మంచు మీద స్నోమొబైల్. 1990ల మొదట్లో కాడ్ చేపల వేటను నిలిపివేయడంతో అక్కడి ఇంగ్లీషు పల్లెలకు బతుకుతెరువు పోయింది. అటువంటి చోట రెజ్యూమే రాయించి ప్రయోజనం లేదు, ముందు పని పుట్టాలి. అందుకే అక్కడి భాగస్వామ్యాలలో పురపాలక సంఘాలు, చేపల ప్రాసెసింగ్ కేంద్రాలు, వయోజన విద్యాకేంద్రాలు ఎక్కువగా కనిపిస్తాయి. మాంట్రియాల్‌లో కూర్చుని ‘రాష్ట్రమంతటికీ ఒకే పథకం’ అనేవారితో నేను ఎన్నడూ ఏకీభవించలేదు.

ఇక్కడ మన ప్రాంతపు అనుభవం ఒకటి చెప్పాలనిపిస్తోంది. సికింద్రాబాదు, గుంతకల్లు, బిట్రగుంట వంటి రైల్వే కాలనీలలో ఉండిన ఆంగ్లో ఇండియన్లు కూడా ఇంగ్లీషు మాట్లాడే మైనారిటీయే. మన రాజ్యాంగం 336వ అధికరణం ద్వారా రైల్వే, కస్టమ్స్, తపాలా, టెలిగ్రాఫ్ శాఖలలో వారికి పోస్టుల రిజర్వేషన్ కొనసాగించింది. అయితే అది ప్రతి రెండేళ్లకూ పది శాతం తగ్గుతూ, రాజ్యాంగం అమలులోకి వచ్చిన పదేళ్లకు పూర్తిగా ముగిసేలా రాసింది. ఆ పదేళ్లలో ఇతర వృత్తులలోకి మళ్లించే శిక్షణ, యజమానులతో అనుసంధానం తగినంతగా జరగలేదని నా అభిప్రాయం. చాలా కుటుంబాలు ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడాలకు తరలిపోయాయి. మాంట్రియాల్ ఇంగ్లీషువారికి రిజర్వేషన్ ఎన్నడూ లేదు, ఉండాలని నేను కోరను. కానీ ఒక సమాజానికి అలవాటైన ఉపాధి మార్గం మూసుకుపోయేటప్పుడు కొత్త మార్గం వేసే పని ఎవరిదో ముందే తేల్చుకోకపోతే, ఆ సమాజం ఊరొదిలి వెళ్లడమే మార్గంగా ఎంచుకుంటుందని రెండు చోట్లా కనిపిస్తుంది.

ఇటీవలి చట్టపు మార్పులు ఈ చిత్రాన్ని మళ్లీ కదిలించాయి. 2022లో వచ్చిన 96వ చట్టం ప్రకారం, ఫ్రెంచి కాక మరొక భాష తెలిసి ఉండాలని ప్రకటనలో కోరే యజమాని అది నిజంగా అవసరమని నిరూపించుకోవాలి. ఇప్పటికే ఆ భాష వచ్చిన సిబ్బంది సరిపోరని కూడా చూపాలి. అంతకుముందు 50 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలకు వర్తించిన ఫ్రెంచీకరణ నమోదు, అంటే పనిలో ఫ్రెంచి వాడకం గురించి ప్రభుత్వ భాషా కార్యాలయంలో నమోదు చేసుకునే బాధ్యత 2025 జూన్ 1 నుంచి 25 మంది ఉన్నవాటికీ వచ్చింది. దీనిని విని నిరుత్సాహపడవద్దు. ఇంగ్లీషు వారు పనిచేసే చిన్న కంపెనీలు కూడా ఇప్పుడు తమ సిబ్బందికి ఫ్రెంచి నేర్పించవలసిన అవసరంలో పడ్డాయి. 2023 జూన్ 1న పనిచేయడం ప్రారంభించిన ‘ఫ్రాన్సిసేషన్ క్యూబెక్’ సంస్థ పని స్థలాల్లో కూడా తరగతులు ఏర్పాటు చేస్తుంది. ఒక సంఘం యజమాని దగ్గరకు వెళ్లి ‘అభ్యర్థులను మేము తెస్తాం, ఫ్రెంచి తరగతి దరఖాస్తు మేము నింపుతాం, సబ్సిడీ కాగితాలు మేము చూస్తాం, మీరు పని ఇవ్వండి’ అంటే వినే చెవి ఈ రోజు గతంలో కన్నా ఎక్కువగా ఉంది. కాకపోతే 2024 శరదృతువులో నిధుల కొరతతో అనేక విద్యాకేంద్రాలు ఫ్రెంచి తరగతులను మూసివేశాయి. నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నవారికి తరగతి లేకుండా చేసి, మరోవైపు నేర్చుకోలేదని నిందించడం ఎంతమాత్రం న్యాయం కాదు. ఈ మాట నేను ప్రతి కమిటీలోనూ చెప్పాను.

మీ శ్రీమతి విషయానికి వస్తాను. ముందుగా ఆమె వీసా స్థితి చూడండి. శాశ్వత నివాసి, పని అనుమతి ఉన్న జీవిత భాగస్వామి, విద్యార్థి అన్న తేడాను బట్టి ఏ పథకానికి అర్హత ఉంటుందో మారుతుంది. రాష్ట్ర ప్రభుత్వ సేవలు అందించే సర్వీస్ క్యూబెక్ కార్యాలయంలో ఏజెంటును కలిసినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. రెండవది, ఆమె డిగ్రీలకు రాష్ట్ర ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే తులనాత్మక విద్యా మదింపు పత్రానికి దరఖాస్తు చేయండి. యజమానులకు ఉస్మానియా ఎం.కాం. అంటే ఏమిటో తెలియదు, ఆ పత్రం వారికి అర్థమయ్యే భాషలో చెబుతుంది. మూడవది, చార్టర్డ్ అకౌంటెంటుకు సమానమైన సి.పి.ఎ. హోదా కోసం ఇప్పుడే పరుగెత్తవద్దని నా సలహా. క్యూబెక్‌లో 46 వృత్తి మండళ్లున్నాయి, వాటిలో సభ్యత్వానికి ఆ వృత్తికి తగిన ఫ్రెంచి పరిజ్ఞానం చట్టపరంగా తప్పనిసరి. కానీ బిల్లుల చెల్లింపులు, వసూళ్లు, పేరోల్, బుక్ కీపింగ్ వంటి పనులకు మండలి సభ్యత్వం అక్కర్లేదు. అక్కడ అడుగుపెట్టి, ఉద్యోగం చేస్తూ ఫ్రెంచి పెంచుకుని, తర్వాత సి.పి.ఎ. వైపు వెళ్లిన మన ఆడపడుచులను నేను పలువురిని చూశాను.

ఇక్కడి అనుభవం లేదన్న సాకును తొలగించడానికి ఇంగ్లీషు సీజెప్‌లు, అంటే హైస్కూలుకూ విశ్వవిద్యాలయానికీ మధ్య ఉండే కళాశాలలు, ఇచ్చే స్వల్పకాలిక కళాశాల ధ్రువపత్ర కోర్సులను పరిశీలించండి. కోర్సు పేరు, ఫీజు చూడడానికి ముందు, చివర్లో స్టేజి, అంటే సంస్థలో పని శిక్షణ, ఉందా, దానిని కళాశాలే వెదికి ఇస్తుందా, లేక విద్యార్థే వెదుక్కోవాలా అని అడగండి. కళాశాలే వెదికి ఇస్తుందంటే వెనుక ఒక నిజమైన యజమాని భాగస్వామ్యం ఉందని అర్థం. ఫ్రెంచి కోసం ఈ వారమే ఫ్రాన్సిసేషన్ క్యూబెక్‌లో నమోదు చేయండి, వరుసలో నిరీక్షణ ఉంటుంది. క్యూబెక్ ఫ్రెంచి స్థాయిలు మొత్తం 12. వాటిలో మొదటి నాలుగు ప్రారంభ దశ, అయిదు నుంచి ఎనిమిది మధ్య దశ. నా అనుభవంలో అకౌంట్స్ విభాగానికి మధ్య దశ చివరికి చేరితే ఇంటర్వ్యూలో నిలబడవచ్చు. రెజ్యూమేలో ‘ఫ్రెంచి: ప్రారంభ స్థాయి’ అని రాసి వదిలేయకుండా, ఏ స్థాయి తరగతిలో ఉన్నారో, ఏ నెలకు తదుపరి స్థాయి పూర్తవుతుందో రాయమనండి. యజమానికి రేపు ఎలా ఉంటుందో కనిపించాలి. ఆ తరువాత ఇంగ్లీషులో సలహా ఇచ్చే సంఘంలో సలహాదారును కలవమనండి. మొదటి సమావేశంలోనే ‘గత సంవత్సరం అకౌంట్స్ రంగంలో మీ ద్వారా ఎవరెవరిని ఏ కంపెనీలు తీసుకున్నాయి’ అని మర్యాదగా అడగమనండి. పేర్లు చెప్పకపోయినా, సమాధానం చెప్పే తీరులో వారికి యజమానులతో ఉన్న సంబంధం తెలిసిపోతుంది.

చివరిగా మన తెలుగు సంఘం సంగతి. కొత్తగా మరొక ఉపాధి సంస్థ పెట్టవద్దు. లైసెన్సులు, నిధుల దరఖాస్తులు, నివేదికలతోనే సేవ చేసేవారి శక్తి అయిపోతుంది. ఉన్న సంస్థల బల్ల దగ్గర ఒక కుర్చీ అడగండి. వారికి లేనివి మన దగ్గర మూడు నాలుగు ఉన్నాయి. ఉగాది, సంక్రాంతి సభలకు వచ్చే వందల కుటుంబాలలో చదువుకుని ఇంట్లో ఉండిపోయిన స్త్రీలు ఎంతమందో, ఏ అర్హతలతో ఉన్నారో ఒక చిన్న పట్టిక వేస్తే, వారి అనుమతితో, పేర్లు లేకుండా, ఏ జనాభా లెక్కలూ చూపలేనంత స్పష్టంగా చూపవచ్చు. మనవాళ్లలో రెస్టారెంట్లు, కిరాణా దుకాణాలు, ఐ.టి. కన్సల్టింగ్ సంస్థలు నడుపుతున్నవారు ఉన్నారు. 25 మంది సిబ్బంది ఉన్న సంస్థలకు ఫ్రెంచి నమోదు అవసరం కొత్తగా వచ్చింది కనుక, పని స్థలంలో ఫ్రెంచి తరగతికి వారినే తొలి యజమాని భాగస్వాములుగా నిలపవచ్చు. ఇక్కడే బడికి వెళ్లిన మన పిల్లలకు ఫ్రెంచి ధారాళంగా వచ్చు. శనివారం రెండు గంటలు అమ్మలతో, పెద్దమ్మలతో ఫ్రెంచిలో మాట్లాడిస్తే తరగతిలో నేర్చినది నోట నిలుస్తుంది. ఒకచోట మన సంఘం కాదు గానీ, శ్రీలంక తమిళుల సంఘం ఒకటి ఇదే పని చేయగా చూశాను. అమ్మల తరగతి జరుగుతున్నంతసేపూ పక్క గదిలో పసిపిల్లలను చూసుకునే ఏర్పాటు కూడా చేశారు, హాజరు ఒక్క నెలలో రెట్టింపయింది.

మీరు సంఘం కార్యవర్గంతో మాట్లాడేటప్పుడు మొదటి ఏడాదికి ఒక్క రంగం, ఇద్దరు యజమానులు, పది మంది అభ్యర్థులు అని చిన్నగా పెట్టుకోండి. అకౌంట్స్‌తోనే మొదలుపెట్టవచ్చు, మీ శ్రీమతితో కలిపి ఆ రంగంలో అర్హత ఉండి ఇంట్లో కూర్చున్నవారు మరి కొందరు తప్పక దొరుకుతారు. సలహాదారుతో మొదటి సమావేశానికి వెళ్లినప్పుడు ఆ పట్టికను, ఆ ఇద్దరు యజమానుల పేర్లను చేతిలో పెట్టుకుని వెళ్లండి. వారి దగ్గరకు సాయం కోసం వచ్చేవారు చాలామంది ఉంటారు. అభ్యర్థులనూ యజమానులనూ వెంట తెచ్చేవారు అరుదు.